చివికే కొద్దీ పీట్ ఎందుకు నల్లబడుతుంది? పీట్ – కాంతి: తరచుగా అడిగే ప్రశ్నలు

పీట్ మీద పని చేస్తున్నానని చెప్పగానే మనవాళ్ళు అడిగే మొదటి మాట "కోకోపీటా?" అని. రెండో మాట "దాని మీద లైట్ వేసి చూడటమేంటి?" అని. రెండూ అడగాల్సిన ప్రశ్నలే. వీటితో పాటు వ్యవసాయ కాలేజీ పిల్లలు, మిద్దెతోట పెంచేవాళ్ళు, రిమోట్ సెన్సింగ్ చదివేవాళ్ళు ఎక్కువగా అడిగేవన్నీ ఇక్కడ ఒకచోట రాశాను.

పీట్ అంటే కోకోపీటేనా?

కాదు. కొబ్బరి డొక్క నుంచి పీచు తీశాక మిగిలే పొట్టు కోకోపీట్. పేరులో పీట్ ఉన్నా దానికీ దీనికీ చుట్టరికం లేదు. అసలు పీట్ అంటే నీళ్ళు నిలిచిన నేలలో చచ్చిన మొక్కలు పూర్తిగా కుళ్ళకుండా, ఏటా ఒక పొర చొప్పున వేల ఏళ్ళపాటు పేరుకున్న పదార్థం. నీళ్ళలో మునిగిన చోట ఆక్సిజన్ అందదు. పైగా చాలాచోట్ల చలి, పులుపు (ఆమ్లగుణం). సూక్ష్మజీవులు పని మొదలుపెట్టినా చాలా నెమ్మదిగా సాగుతుంది. అందుకే ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు, చాలాచోట్ల అంతకన్నా తక్కువే పెరుగుతుంది. ఐదు మీటర్ల లోతున్న పీట్ అంటే వేల ఏళ్ళ చరిత్ర అన్నమాట.

నర్సరీల్లో "పీట్ మాస్" పేరుతో దొరికే లేత గోధుమ రంగు బస్తాలు మాత్రం నిజమైన పీటే. అది స్ఫాగ్నమ్ అనే నాచు నుంచి వచ్చింది, అందులోనూ తక్కువ చివికిన పైపొర.

మన దేశంలో ఉందా?

ఉంది, కానీ కొద్దిగానే. దక్షిణాదిలో చెప్పుకోవాల్సింది నీలగిరులు. ఊటీ పరిసరాల్లోని ఎత్తైన లోయల్లో పీట్ పొరలున్నాయి. శాస్త్రవేత్త ఆర్. సుకుమార్ బృందం ఆ పొరల్లోని కార్బన్ ఐసోటోపులను (ఒకే కార్బన్‌లో బరువు తేడా ఉన్న రకాలను) కొలిచి, గత 20,000 ఏళ్ళలో అక్కడ వాతావరణం, గడ్డిభూములు ఎలా మారాయో 1993లో నేచర్ పత్రికలో ప్రచురించింది. ఉత్తర యూరప్, కెనడా, రష్యా, ఇండోనేషియాల్లోలా మైళ్ళకొద్దీ పరుచుకున్న పీట్ నేలలు మాత్రం మనకు లేవు. అందుకే దీనికి తెలుగులో వాడుక మాట కూడా లేదు.

చివికితే నల్లబడుతుంది. ఇందులో కొత్తేముంది?

నిజమే, మన రైతుకు ఇది కొత్త కాదు. పెంటకుప్పను పారతో నిలువునా కోసి చూడండి. పైన గడ్డి ఇంకా బంగారు రంగులోనే ఉంటుంది. మధ్యలో గోధుమ రంగు. అడుగున బాగా మాగిన ఎరువు నల్లగా, చేతిలో వెన్నలా నలుగుతుంది. పీట్ నేలలోకి గొట్టం దింపి తీసిన పొడవాటి శాంపిల్ కూడా చాలావరకు ఇలాగే కనిపిస్తుంది. కాకపోతే కుప్పలో నెలల్లో జరిగేది అక్కడ శతాబ్దాల్లో జరుగుతుంది.

కొత్త సంగతి ఏమిటంటే, ఆ నలుపు అన్ని రంగుల్లోనూ ఒకేసారి రాదు. ఒక క్రమంలో వస్తుంది. ఆ క్రమాన్ని అంకెల్లో పట్టుకోగలిగితే ఏ పొర ఎంత చివికిందో చెప్పొచ్చు. కన్ను ఆ క్రమంలో మొదటి సగాన్ని మాత్రమే చూడగలదు.

అసలు నలుపు ఎక్కడి నుంచి వస్తుంది?

రెండు మార్గాల నుంచి. మొదటిది చాలామందికి తెలుసు, రెండోది ఎక్కువమంది పట్టించుకోరు.

మొదటిది రసాయనం. మొక్కలోని చక్కెరలు, సెల్యులోజ్ వంటివి సూక్ష్మజీవులకు ఇష్టమైన తిండి, అవి ముందు పోతాయి. మిగిలినవి తెగుతూ, మళ్ళీ అతుక్కుంటూ హ్యూమిక్ పదార్థాలుగా మారతాయి. ఎరువుల షాపులో డబ్బాల్లో అమ్మే నల్లటి "హ్యూమిక్ యాసిడ్" ఈ కుటుంబానిదే. ఈ అణువుల్లో వలయాలు, ఒకదాని పక్కన ఒకటిగా జంట బంధాలు ఉంటాయి. అవి కాంతిని మింగుతాయి. ముందుగా నీలం కాంతిని, తర్వాత ఆకుపచ్చను, చివికే కొద్దీ ఎరుపును కూడా. నీలం పోయి ఎరుపు మిగిలితే మన కంటికి గోధుమ రంగు. ఎరుపు కూడా పోతే నలుపు. కాబట్టి గోధుమ నుంచి నలుపుకు మారడమంటే, మింగడం నీలం వైపు నుంచి ఎరుపు వైపుకు పాకడం.

రెండోది నిర్మాణం. పటికబెల్లం గడ్డను చూడండి, అద్దంలా ఉంటుంది. దాన్నే దంచితే తెల్లటి పొడి. పదార్థం మారలేదు, గాలికీ గడ్డకీ మధ్య హద్దులు పెరిగాయి. కాంతి ప్రతి హద్దు దగ్గరా కొంత వెనక్కి తిరుగుతుంది, అందుకే తెలుపు. స్ఫాగ్నమ్ ఆకు కూడా ఇలాంటిదే. సన్నటి ఆకుపచ్చ కణాల మధ్య పెద్ద పెద్ద ఖాళీ కణాలుంటాయి, వాటి గోడలకు రంధ్రాలు. తడిగా ఉన్నప్పుడు వాటి నిండా నీళ్ళు, ఎండితే వాటి నిండా గాలి. అందుకే ఎండిన స్ఫాగ్నమ్ దాదాపు తెల్లగా పాలిపోతుంది. చివికే కొద్దీ ఈ గదులు కూలిపోతాయి, పీచు విరిగి ముద్ద అవుతుంది, గాలికి చోటు తగ్గుతుంది. తక్కువ చివికిన పీట్ ఒక ఘన సెంటీమీటరుకు 0.1 గ్రాము కూడా తూగదు. బాగా చివికింది 0.2 గ్రాములు, ఆ పైన. అంటే కాంతిని వెనక్కి పంపే హద్దులు తగ్గుతున్నాయి, మింగే పదార్థం చిక్కబడుతోంది. రెండూ ఒకే దిక్కుకు లాగుతాయి.

కంటికి కనిపించని కాంతిలో ఏం జరుగుతుంది?

నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

కాంతి రంగును దాని అల పొడవుతో, నానోమీటర్లలో చెప్తారు. మన కన్ను సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల వరకే చూస్తుంది. మేం వాడే స్పెక్ట్రోమీటర్ (ఒక్కో అల పొడవు దగ్గర ఎంత కాంతి వెనక్కి వచ్చిందో కొలిచి గ్రాఫ్ గీసే పరికరం) 350 నుంచి 2500 దాకా చూస్తుంది. తక్కువ చివికిన ఎండు పీట్‌ను దాని ముందు పెడితే గ్రాఫ్ నీలం దగ్గర కింద మొదలై, ఎరుపు దాటగానే గట్టు ఎక్కినట్టు పైకి లేస్తుంది. ఎరుపుకు ఆనుకుని అవతల ఉండే, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిలో అది బాగా వెలుగుతుంది. కంటికి ముదురు గోధుమగా ఉన్న పీట్ కూడా అక్కడ ప్రకాశవంతంగానే ఉండొచ్చు. పూర్తిగా చివికిన పీట్ గ్రాఫ్ వేరు. దృశ్య కాంతిలో పదో వంతు కూడా వెనక్కి రాదు. 700 దాటినా లేవదు, నేలను పట్టుకునే పాకుతుంది. బాగా దూరం వెళ్ళాకే నెమ్మదిగా పైకి వంగుతుంది. ఒక గ్రాఫ్ బోర్లించిన గిన్నె, ఇంకోటి వెల్లకిల పెట్టిన గిన్నె.

1981లో అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ నుంచి స్టోనర్, బామ్‌గార్డ్‌నర్ అనే ఇద్దరు వందలాది నేలల గ్రాఫులు చూసి వాటిని ఐదు ఆకారాలుగా విడదీశారు. అందులో రెండు సేంద్రియ పదార్థం వల్ల వచ్చేవే. అంటే నేలలో సేంద్రియ పదార్థం ఎంత ఉందన్నదొక్కటే కాదు, అది ఏ స్థితిలో ఉందన్నది కూడా గ్రాఫ్ ఆకారంలోనే కనిపిస్తుంది. ఈ మాట నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

ఇంకా ముందుకెళితే 2100 నానోమీటర్ల దగ్గర సెల్యులోజ్ వల్ల ఒక గుంట ఉంటుంది. చివికే కొద్దీ సెల్యులోజ్ కరిగిపోతుంది కాబట్టి ఆ గుంట పూడుతూ వస్తుంది. 2300 చుట్టుపక్కల కొవ్వులు, మైనం, లిగ్నిన్ (చెక్కకు గట్టిదనం ఇచ్చే పదార్థం) వంటివాటి గుర్తులుంటాయి. ఇవి మొండివి, అంత తొందరగా పోవు. ఒకటి గుర్తుంచుకోవాలి. స్ఫాగ్నమ్ నాచు కాబట్టి దానిలో అసలైన లిగ్నిన్ ఉండదు. తుంగ జాతి గడ్డి నుంచో, చెట్ల నుంచో వచ్చిన పీట్‌లో ఉంటుంది. ఇది తెలియకుండా గ్రాఫ్ చదివితే పొరపాటు పడతాం.

చేత్తో పిండి చూసే పాత పద్ధతి ఉంది కదా, కాంతి ఎందుకు?

ఉంది, అది గొప్ప పద్ధతి. స్వీడన్ భూగర్భ సర్వే శాస్త్రవేత్త లెన్నార్ట్ ఫాన్ పోస్ట్ 1920లలో పెట్టిన కొలమానం. హెచ్ 1 నుంచి హెచ్ 10 దాకా పది మెట్లు. గుప్పెడు తడి పీట్ తీసుకుని గట్టిగా పిండాలి. నీళ్ళు తేటగా, రంగు లేకుండా కారితే హెచ్ 1. నీళ్ళు బురదగా కారినా పీట్ వేళ్ళ సందుల్లోంచి రాకపోతే హెచ్ 3, 4. సగం పీట్ సందుల్లోంచి జారిపోతే హెచ్ 7. గుప్పిట్లో ఏమీ మిగలకుండా మొత్తం జారిపోతే హెచ్ 10.

మొదటిసారి పిండినప్పుడు నా అరచేయి మంచుముక్క పట్టుకున్నట్టు కొంకర్లు పోయింది. పై పొర పిండితే పలచటి టీ డికాషన్ రంగు నీళ్ళు కారాయి, చేతిలో నాచు కొమ్మలు చెక్కుచెదరకుండా మిగిలాయి. రెండు మీటర్ల కింది పొర పిండితే నీళ్ళు రాలేదు. నాలుగు వేళ్ళ మధ్య నుంచి నాలుగు నల్లటి తాళ్ళు, చక్రాల గిద్దల్లోంచి పిండి దిగినట్టు దిగాయి. ఆ తేడా చేతికి తెలిసినంత బాగా ఏ అంకెకూ తెలియదేమో అనిపించింది.

కానీ చేతుల మధ్య తేడా ఉంటుంది. ఒకే ముద్దకు నేను ఆరు అంటే పక్కనున్న మనిషి ఏడు అంటాడు. సాయంత్రానికి అలసిపోయాక నేనే ఇంకో అంకె చెప్తాను. పైగా పిండితే ఆ ముక్క పాడవుతుంది. కాంతి అయితే శాంపిల్‌ను ముట్టుకోదు, సెంటీమీటరుకో కొలత తీయొచ్చు, వంద శాంపిళ్ళు ఒక్క రోజులో అయిపోతాయి. నా మటుకు నేను రెండూ చేస్తాను. చేత్తో చూడకుండా గ్రాఫ్‌ను నమ్మను.

తడిగా ఉన్నప్పుడు కొలిస్తే?

అదే ఇందులో అసలు టెన్షన్. మన ఎర్రనేల వాన పడగానే ముదురు ఎరుపుకు తిరుగుతుంది, తెల్ల పంచె తడిస్తే ఒంటి రంగు కనిపిస్తుంది. గాలి ఉన్న చోట నీరు చేరితే కాంతి వెనక్కి తిరగడం తగ్గుతుంది. నేలలో ఉన్న పీట్ బరువులో 90 శాతం దాకా నీళ్ళే కావచ్చు. దీనికి తోడు నీరు 1450, 1940 నానోమీటర్ల చుట్టుపక్కల కాంతిని గట్టిగా మింగేస్తుంది. ఆ ప్రాంతాల్లో గ్రాఫ్ గోతిలో పడిపోతుంది, పక్కనున్న సెల్యులోజ్ గుర్తులూ దాంతో పాటే మునిగిపోతాయి. తడిసిన లేత పీట్, ఎండిన ముదురు పీట్ ఒకే రంగులో కనిపించి మోసం చేస్తాయి.

అందుకే ల్యాబ్‌లో ముందు ఆరబెడతాం. అయితే బాగా చివికిన పీట్ ఆరితే రాయిలా బిగుసుకుంటుంది, దంచి జల్లెడ పట్టాల్సి వస్తుంది. దంచితే పైన చెప్పిన పటికబెల్లం కథ మళ్ళీ మొదలవుతుంది. కాబట్టి అన్ని శాంపిళ్ళనూ ఒకే తీరున ఆరబెట్టి, ఒకే సైజుకు దంచి, ఒకే దీపం కింద పెట్టాలి. ప్రతి కొన్ని కొలతలకూ ఒకసారి తెల్ల పలకను చూపించి పరికరాన్ని సరిచూసుకోవాలి. ఆ పలక తన మీద పడ్డ కాంతిలో 99 శాతం దాకా వెనక్కి పంపుతుంది. దాని మీద చిన్న వేలిముద్ర పడినా రోజంతటి కొలతలు తేడా వస్తాయి.

క్షారంలో నానబెట్టి రంగు చూస్తారట, అదీ ఇదీ ఒకటేనా?

బంధువులే కానీ ఒకటి కాదు. ఎండిన పీట్ పొడిని సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేడి చేస్తే హ్యూమిక్ పదార్థాలు కరిగి డికాషన్‌లా దిగుతాయి. వడకట్టి, 540 నానోమీటర్ల కాంతి ఎంత ఆగిపోయిందో చూస్తారు. ఎక్కువ ఆగితే ఎక్కువ చివికినట్టు. బ్లాక్‌ఫర్డ్, ఛాంబర్స్ అనే శాస్త్రవేత్తలు 1993లో దీనికి రాసిన విధానమే పాత వాతావరణం చదివేవాళ్ళు ఎక్కువగా పాటిస్తారు. ఎండు కాలాల్లో పైపొర ఎక్కువసేపు గాలికి ఉండి బాగా చివుకుతుంది, తడి కాలాల్లో త్వరగా మునిగిపోయి తక్కువ చివుకుతుంది. కాబట్టి ముదురు పొర ఎండు కాలాన్నీ, లేత పొర తడి కాలాన్నీ సూచిస్తుందని చదువుతారు.

నల్లగా ఉంటే బాగా చివికినట్టే అనుకోవచ్చా?

అనుకోకూడదు. ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు.

ఏ మొక్క నుంచి వచ్చిందన్నది మొదటి చిక్కు. ఒకే మెట్టులో ఉన్నా తుంగ పీట్ సాధారణంగా నాచు పీట్ కంటే ముదురుగా ఉంటుంది. రెండోది బొగ్గుపొడి. పీట్ నేలలకు నిప్పంటుకుంటే నెలల తరబడి లోలోపల రగులుతూనే ఉంటాయి, 1997లోనూ 2015లోనూ ఇండోనేషియాలో అదే జరిగింది. అలా కాలిన పొర పెద్దగా చివకకుండానే నల్లగా ఉంటుంది. మూడోది గాలి. లోతు నుంచి అప్పుడే తీసిన పీట్ కొన్నిసార్లు పసుపు కలిసిన లేత గోధుమలో మెరుస్తుంది. చూస్తుండగానే, కోసిన వంకాయ ముక్క కమిలినట్టు ముదురుతుంది. ఆక్సిజన్ లేని చోటి నుంచి ఒక్కసారిగా గాలిలోకి రావడం వల్ల వచ్చే మార్పు ఇది. ఒకసారి గొట్టం తెరిచి, భోజనం చేసి వచ్చాక రంగులు నోట్ చేసుకున్నాను. గొట్టం తెరవగానే తీసిన ఫోటో పక్కన పెట్టి చూస్తే ఒక్క పొర రంగు కూడా కలవలేదు. అప్పటి నుంచి ముందు ఫోటో, ఆ వెంటనే రంగు, తర్వాతే ఇంకేదైనా.

ఉపగ్రహం నుంచి చూసి చెప్పొచ్చా?

కొంతవరకే. ఉపగ్రహానికి కనిపించేది పైపైన కొద్ది మిల్లీమీటర్లు, అదీ మొక్కలు కప్పకుండా ఉంటేనే. పీట్ తవ్వకాలు జరిగిన మైదానాలు, నీళ్ళు తీసేసి దున్నిన పొలాలు ఇందుకు పనికొస్తాయి. యూరప్ పంపిన సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి, 10 మీటర్ల స్పష్టతతో నేర్చుకునేవాళ్ళకు చక్కటి మొదలు. కానీ దానికున్న 13 బ్యాండ్లతో (అంటే కాంతిని 13 ముక్కలుగా చూడటంతో) సెల్యులోజ్ గుంట వంటి సన్నటి గుర్తులు దొరకవు. వాటికి వందలాది సన్న బ్యాండ్లలో చూసే హైపర్‌స్పెక్ట్రల్ ఉపగ్రహాలు కావాలి. ఇటలీ ప్రిస్మా 2019లో, జర్మనీ ఎన్‌మ్యాప్ 2022లో వెళ్ళాయి. మన ఇస్రో హైసిస్ అయితే వాటికంటే ముందే, 2018 నవంబర్ 29న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ43 మీద వెళ్ళింది.

ఇంత కష్టపడి కొలిచి ఏం చేస్తారు?

భూమ్మీద నేలలో పీట్ ఉన్న భాగం 3 శాతమే. కానీ ప్రపంచంలోని అడవులన్నిటి చెట్లలో ఉన్నదానికంటే ఎక్కువ కార్బన్ అందులో ఉంది. నీళ్ళు తీసేస్తే గాలి చొరబడుతుంది, వేల ఏళ్ళు ఆగిన చివకడం మళ్ళీ మొదలవుతుంది, కార్బన్ డయాక్సైడ్‌గా గాలిలో కలుస్తుంది.

ఇంగ్లండ్‌లోని హోమ్ ఫెన్‌లో ఒక ఇనుప స్తంభం ఉంది. చుట్టుపక్కల చెరువునూ చిత్తడినీ ఎండగట్టి పొలాలు చేస్తున్న రోజుల్లో, 1851 ప్రాంతంలో, దాన్ని పై కొస నేలకు సమంగా ఉండేలా పాతారు. ఇప్పుడది నేల మీద సుమారు 4 మీటర్ల ఎత్తున నిలబడి ఉంది. స్తంభం లేవలేదు, నేలే దిగింది. కొంత నీరు పోయి కుంగింది, మిగతాది చివికి గాలిలో కలిసింది. ఇలా ఎంత నేల ఎంత వేగంగా పోతోందో, నీళ్ళు మళ్ళీ నిలిపితే ఆగుతోందో లేదో పెద్ద విస్తీర్ణంలో తెలుసుకోవాలంటే ప్రతిచోటా గుప్పెడు తీసి పిండలేం. కాంతితో కొలవడం అందుకు.

మరి సింగరేణి బొగ్గు మెరుస్తుంది కదా? చివికితే నల్లబడాలి, మెరవడమేంటి?

చాలా మంచి ప్రశ్న. గోదావరి లోయ బొగ్గు కూడా ఒకప్పటి పీటే, 25 కోట్ల ఏళ్ళకు పైబడిన పెర్మియన్ కాలపు చిత్తడి అడవులది. కానీ పీట్ పూడిపోయాక సూక్ష్మజీవుల పని ముగుస్తుంది, అక్కడి నుంచి ఒత్తిడి, వేడి పని చేస్తాయి. అప్పుడు కొలిచే పద్ధతి కూడా మారుతుంది. నున్నగా పాలిష్ చేసిన ముక్కను నూనె చుక్క కింద మైక్రోస్కోపులో పెట్టి, 546 నానోమీటర్ల కాంతి ఎంత వెనక్కి వచ్చిందో చూస్తారు. పీట్ దగ్గర అది 0.2 శాతం ప్రాంతంలో ఉంటుంది. లిగ్నైట్ (గోధుమ బొగ్గు), ఆపై బొగ్గుకు వచ్చేసరికి పెరుగుతూ పోయి, బాగా ముదిరిన గట్టి బొగ్గు ఆంత్రసైట్‌లో 2 శాతం దాటుతుంది. వలయాల అణువులు పలకలు పలకలుగా సర్దుకోవడం వల్ల వచ్చే మెరుపు అది. పొడి మీద కొలిచే పరావర్తనం (వెనక్కి వచ్చే కాంతి), పాలిష్ చేసిన ముక్క మీద కొలిచే పరావర్తనం వేర్వేరు. ఈ రెండు అంకెలనూ ఒకే పట్టికలో వేసిన రిపోర్టు కనిపిస్తే పక్కన పెట్టేయండి.

శాంపిల్ కొలతకు పంపాలంటే ఎలా ప్యాక్ చేయాలి?

తీసిన వెంటనే పగటి వెలుతురులో, పక్కన స్కేలు, తెల్ల కాగితం పెట్టి ఫోటో తీయండి. గాలి చొరబడకుండా ప్లాస్టిక్ ఫిల్మ్ రెండు చుట్లు చుట్టండి. లోతును ఫిల్మ్ మీద కాకుండా విడిగా అట్టముక్క మీద పెన్సిల్‌తో రాసి కట్టండి, తడికి పెన్ను సిరా చెరిగిపోతుంది. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉంచండి, గడ్డ కట్టనివ్వకండి. గడ్డకడితే పీచు చిట్లి, రంగుతో పాటు నిర్మాణం కూడా మారుతుంది. ఏ మొక్క పీటో గుర్తుపట్టగలిగితే అదీ రాయండి, ఆ ఒక్క మాట ల్యాబ్‌లో సగం పని తగ్గిస్తుంది.